హాస్పిటల్ మంచం అమ్మబడును

మా ఆయన పోయాక ఇంట్లో ఆ మంచం మిగిలిపోయింది. కాళ్లవైపు రెండు పిడులున్న ఇనుప మంచం. ఒక పిడి తిప్పితే తలవైపు లేస్తుంది, ఇంకొకటి తిప్పితే మోకాళ్ల దగ్గర లేస్తుంది. దాని మీద కరెంటుతో పనిచేసే గాలిపరుపు. జగిత్యాలలో మేముండేది రెండు గదుల కిరాయి ఇల్లు. ముందుగది మొత్తం ఆ మంచానిదే. పక్కన ఉన్న కాస్త జాగాలో నా కుట్టుమిషన్.

మా అత్తగారి ఊరు మల్లాపూర్ దగ్గర. వాళ్లది కల్లు గీసే కుటుంబం. మా ఆయన మాత్రం పెళ్లయ్యాక ఆ పని వదిలేసి జగిత్యాల వచ్చి ట్రాలీ ఆటో నడుపుకునేవాడు. మామిడికాయల సీజన్‌లో మార్కెట్‌కీ తోటలకీ తిరిగి, ఒంటినిండా మామిడి సొన వాసనతో ఇంటికొచ్చేవాడు. ఒక ఎండాకాలం మా బావగారికి జ్వరం తగిలింది. రోజూ గీయకపోతే తాటిచెట్టు కల్లు ఆపేస్తుంది. "అన్న లేచేదాక రెండు దినాలు ఎక్కి దిగొస్త" అని ఊరికి వెళ్లాడు. చిన్నప్పటి నుంచి ఎక్కిన చెట్లే. నడుముకు చుట్టుకున్న మోకు ఎక్కడ జారిందో ఎవరూ చూడలేదు. కరీంనగర్ డాక్టర్లు ఫొటోలు తీసి, వెన్నుపూస దెబ్బతిన్నదనీ, నడుము కింద ఇక స్పర్శ రాదనీ చెప్పారు.

తర్వాత నాలుగేళ్లు ఆ మంచం మీదనే ఉన్నాడు. మొదటి ఏడాది గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎవరొచ్చినా మాట్లాడేవాడు కాదు. ఒకరోజు నేను జాకెట్లు కుడుతూ తలనొప్పితో ఆగిపోతే, "ఇటు తే" అని చేయి చాచాడు. ఆ రోజు నుంచి జాకెట్లకు హుక్కులు కుట్టడం ఆయన పని. చెట్టెక్కిన చేతులు, అంత మొరటువి, సూదిని ఎంతో జాగ్రత్తగా పట్టుకునేవి. తలవైపు మంచం లేపి ఉంచితే నేను మిషన్ తొక్కేదాన్ని, ఆయన హుక్కులు కుట్టేవాడు, మధ్యలో రేడియో. సుఖంగా ఉన్నామని అనను గానీ, మాకు అలవాటైంది.

చివరికి మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీలకు పాకింది. ఆసుపత్రిలోనే ఉందామంటే వినలేదు. "ఇంటికి తోల్కపో" అన్నాడు. తీసుకొచ్చాను. ఆ మంచం మీదనే పోయాడు.

నెల మాసికం అయ్యాక మా బిడ్డ ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ అంది, "అమ్మా, మంచం తీసేద్దామే."

నేను తలెత్తి దాని వైపు చూశాను.

"గట్ల సూడకు. నేను బాపును మర్చిపోదామని అంటలేను. గీ అర్రలకు వస్తే ఆ మంచం తప్ప ఏం కనవడ్తలేదు. మనింటికి గూడ ఎవరన్న రావాలె గదనే."

ఆయన పడిపోయేనాటికి అది బడిపిల్ల. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఈ నాలుగేళ్లలో ఒక్క స్నేహితురాలిని కూడా ఇంటికి తీసుకురాలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, అదీ చెప్పలేదు.

"పాత ఇనుపోనికి మాత్రం ఇయ్య" అన్నాను. ఆయన పడుకున్న మంచాన్ని ముక్కలు చేసి తూకం వేస్తుంటే చూడడం నా వల్ల కాదు.

"ఇనుపోనికి ఎందుకు? ఫోన్ల పెడదాం. అవసరమున్నోళ్లే తీస్కపోతరు."

మంచం పక్క కమ్మీకి ఆయన తువ్వాలు ఇంకా అలాగే వేలాడుతోంది. ఫొటో తీసే ముందు మా బిడ్డ ఆ తువ్వాలును తీసి, మడిచి, ఒక్క క్షణం చేతిలో పట్టుకుని, బీరువాలో పెట్టింది. నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసింది. పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో ఊరి పేరు, ఫోన్ నంబరు పెట్టి, పైన 'హాస్పిటల్ మంచం అమ్మబడును' అని రాసింది. గాలిపరుపు ఉచితం అని నేనే రాయించాను.

ఫోన్‌లో పెడితే ఎవరు చూస్తారులే అనుకున్నాను. సాయంత్రానికే మెసేజ్‌లు మొదలయ్యాయి. ఎక్కువమంది "ఉందా?" అని అడిగి మాయమయ్యేవాళ్లు. ఒకతను బరువెంత ఉంటుందని అడిగాడు. ఇంకొకతను, మంచం వద్దుగానీ ఫొటోలో వెనక కనిపిస్తున్న కుట్టుమిషన్ ఇస్తారా అన్నాడు. మా బిడ్డ నవ్వింది. ఆ ఇంట్లో చాలా రోజులకు విన్న నవ్వు.

మొదట వచ్చి చూసినవాళ్లు కోరుట్ల నుంచి వచ్చిన భార్యాభర్తలు. అతని తల్లి తుంటి విరిగి మంచాన పడిందట. భార్య మంచాన్ని పైకీ కిందికీ తిప్పి చూసి సంతోషపడింది. "మంచిగుందమ్మా. మా అత్తమ్మకు కూసోవెట్టి బువ్వ తినిపియ్యొచ్చు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మరి మీ సారు మంచిగైండా? లేసి తిరుగుతుండా?" అని అడిగింది.

పక్కింటావిడ నాకు ముందే చెప్పింది, పోయాడని చెప్పొద్దు, ఎవరూ కొనరని. కానీ ఆమె అంత ఆశగా అడిగేసరికి నా నోటికి అబద్ధం రాలేదు.

"లేదమ్మా. పోయిండు."

ఆమె చేయి కమ్మీ మీద నుంచి జారిపోయింది. "దీని మీదనేనా?"

"దీని మీదనే."

భర్త ఏదో సర్దిచెప్పబోయాడు గానీ ఆమె వినలేదు. "వద్దు, నడువు. అత్తమ్మకు తెలిస్తే ఎక్కుతదా?" అని చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటాక మళ్లీ వెనక్కి వచ్చి నా చేయి పట్టుకుంది. "ఏమనుకోకమ్మా, మాది పిరికి పానం" అంది. నేనేమీ అనుకోలేదు. వాళ్లు వెళ్లాక ఆ మంచం అంచున కూర్చుని చాలాసేపు ఏడ్చాను. చావు అంటుకున్న వస్తువంటే ఎవరికైనా భయమే. కానీ నాకు ఆ మంచం నిండా బతుకే కనిపించేది. నేను తినిపించిన అన్నం, ఆయన కుట్టిన హుక్కులు, మేం పోట్లాడుకున్న పోట్లాటలు.

సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది ఆ తర్వాత కొన్ని రోజులకు. "చెల్లె, గా మంచం ఫోన్ల సూసిన. ఉన్నదా, పోయిందా?" అని అవతలి మనిషి అరిచినట్టే మాట్లాడాడు. వెనకాల మరమగ్గాల చప్పుడు. సిరిసిల్లలో వాటిని సాంచెలంటారు. ఆ మోతలో పనిచేసేవాళ్లకు మెల్లగా మాట్లాడడం మర్చిపోయినట్టుంటుంది. మర్నాడే ట్రాలీ మాట్లాడుకుని వచ్చేశాడు. యాభై దాటిన మనిషి, చొక్కా భుజాల మీద నూలు పీచు. మంచాన్ని తట్టి చూశాడు, పిడులు తిప్పాడు. ఆయన ఇంకేం అడగకముందే నేను చెప్పేశాను.

"అన్నా, ముందే చెప్తున్న. మా ఆయన గీ మంచం మీదనే పానం ఇడిసిండు. తర్వాత తెల్సి బాధపడొద్దు."

ఆయన తిప్పుతున్న పిడిని వదిలి నిలబడ్డాడు. వెళ్లిపోతాడనుకున్నాను.

"ఎన్నేండ్లున్నడు చెల్లె, దీని మీద?"

"నాలుగేండ్లు."

"నాలుగేండ్లా?" అని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. "మీ వదినకు ఆర్నెల్లు గూడ చెప్పలేదు డాక్టర్లు. గీ మంచం మీద మనిషి నాలుగేండ్లు బతికిండంటే, ఇది మంచి మంచమే చెల్లె. నాకు గిదే గావాలె."

ఆయన నన్ను చెల్లె అన్నాడు కాబట్టి ఆయన భార్య నాకు వదిన అయింది. బీడీలు చుట్టేదట. ఒకరోజు చేట ఒళ్లో పెట్టుకుని చుడుతూ చుడుతూ గోడకు ఒరిగిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టి కుడివైపు మొత్తం పడిపోయింది, మాట పోయింది. పిల్లలు లేరు. ఆయన షిఫ్టుకు పోయినప్పుడు పక్కింటామె ఓ కన్నేసి ఉంచుతుంది.

"చాప మీద పండవెట్టిన. లేవట్టాల్నంటే నా నడుము వట్టేస్తుంది. వీపు మీద ఏదో ఎర్రగ అయితుంది చెల్లె. గది ఏంది?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఒకే వైపు ఎక్కువసేపు ఉంచొద్దని, పక్క మార్చాలని, మోకాళ్ల మధ్య దిండు పెట్టాలని, తినిపించేటప్పుడు తల ఎత్తి ఉంచాలని. ఆయన పెదాలు కదుపుతూ నా మాటల్ని తిరిగి అనుకున్నాడు. కాసేపటికి తల పట్టుకున్నాడు.

"నాకు యాదికుండదు. ఒక్కసారి నువ్వే అచ్చి సూపియ్యరాదు?"

మంచం గుమ్మంలోంచి పట్టలేదు. తలవైపు పలక విప్పాల్సి వచ్చింది. ఒకవైపు ఆయన, ఇంకోవైపు మా బిడ్డ పట్టుకున్నారు. తీసేద్దాం తీసేద్దాం అన్న పిల్లే, ట్రాలీ సందు మలుపు తిరిగేదాకా రోడ్డు మీద నిలబడింది. ఆ రోజు అన్నం తినలేదు. ఖాళీ గది ఊడ్చి, కడిగి, మళ్లీ ఊడ్చింది.

ఆదివారం నేను సిరిసిల్ల వెళ్లాను. వేములవాడలో బస్సు మారి, దిగాక సాంచెల చప్పుడు వినిపించే సందుల్లో అడుగుతూ పోయాను. మంచం వాళ్ల ముందుగదిలో కిటికీ పక్కన ఉంది. దాని మీద మా ఆయన కాకుండా ఇంకెవరో పడుకుని ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. అప్పుడామె నా వైపు చూసి, "గట్లనే, గట్లనే" అంది.

పోయిన మాటలన్నిటిలో ఆమెకు ఆ ఒక్క మాట మిగిలింది. ఆకలైనా గట్లనే, నొప్పైనా గట్లనే. రమ్మన్నా, పొమ్మన్నా అదే. కానీ అన్నిసార్లూ ఒకేలా ఉండేది కాదు. కాసేపు కూర్చుంటే ఆ మాటలోనే ఆమె ఏమంటోందో తెలిసేది. కోనరావుపేట దగ్గరి ఊరి మనిషి. బొట్టు పెద్దగా పెట్టుకునే అలవాటట, నుదుటి మీద మచ్చ పడి ఉంది. బాగున్న ఎడమచేతి వేళ్లు దుప్పటి అంచును పట్టుకుని బీడీ చుడుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి.

ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, కింద బట్ట మార్చడం, ఒక్కొక్కటీ చేసి చూపించాను. ఆయన పక్కనే నిలబడి నేర్చుకున్నాడు. జుట్టు మాత్రం ఆయన ముట్టుకోలేదట, జడలు కట్టిపోయింది. కొబ్బరినూనె పెట్టి, చిక్కు తీసి, మెల్లగా దువ్వి జడ వేశాను. దువ్వుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. చెంపల మీదికి నీళ్లు కారాయి.

"నొస్తుందా వదినా?" అన్నాను.

"గట్లనే" అంది, చాలా మెత్తగా.

ఆయన తలుపు దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. "ఇన్ని దినాలకు మనిషిలెక్క కనవడ్తుంది చెల్లె" అన్నాడు.

అప్పటి నుంచి షిఫ్టు మధ్యలో చాయ్‌కి వచ్చినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. జ్వరం వస్తే ఏం చేయాలి, మింగలేకపోతే ఏం పెట్టాలి, పుండు చుట్టూ నల్లబడితే ఆసుపత్రికి పోవాలా. తెలిసింది చెప్పేదాన్ని, తెలియనిది డాక్టర్‌ని అడగమనేదాన్ని. నాలుగేళ్లు నేను ఎవరికీ చెప్పుకోని పనులవి. చుట్టాలొస్తే ఆ మాటలు రాకుండా జాగ్రత్తపడేదాన్ని. ఇప్పుడు ఒక మనిషి వాటిని చదువులాగా అడిగి నేర్చుకుంటున్నాడు. ఫోన్ పెట్టేశాక ఒక్కోసారి మనసు తేలికయ్యేది. ఒక్కోసారి మా ఆయన మళ్లీ పక్కగదిలో ఉన్నట్టనిపించి, లేచి వెళ్లి చూసి వచ్చేదాన్ని.

కొన్నిసార్లు ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టేవాడు. "గట్లనే... గట్లనే... గట్లనే" అని ఆమె చాలా చెప్పేది. నేనూ చెప్పేదాన్ని. జాకెట్ల పని ఎక్కువైందనీ, కొండగట్టు పోయొచ్చామనీ, హుక్కులు కుట్టేవాళ్లు లేక ఇబ్బందిగా ఉందనీ. ఆ చివరి మాట నేను ఇంకెవరితోనూ అనలేదు.

వానాకాలం నడుమ ఫోన్లు తగ్గాయి. పండుగ చీరల పని జోరుగా ఉండి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను చేయొచ్చు. చాలాసార్లు నంబరు తీసి మళ్లీ ఫోన్ పక్కన పెట్టాను. ఎత్తి ఏం చెప్తాడోనని భయం.

ఒక మధ్యాహ్నం మా బిడ్డ చదువుకోవడానికి పాత టేబుల్ ఏదైనా దొరుకుతుందేమోనని అదే యాప్‌లో వెతుకుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏమీ మాట్లాడకుండా ఫోన్ నా చేతికిచ్చింది.

మా మంచం. కిటికీ పక్కన, ఖాళీగా. గాలిపరుపును మడిచి మీద పెట్టారు. కింద ఎవరి చేతనో రాయించినట్టున్నాడు. 'హాస్పిటల్ మంచం అమ్మబడును. సిరిసిల్ల. మంచి మంచం. ఎట్ల వాడాలో తెలియకపోతే మేమే వచ్చి చూపిస్తం.'

ఆ ఆఖరి వాక్యం మళ్లీ మళ్లీ చదివాను. మా బిడ్డ నా భుజం మీద చేయి వేసి, "ఎప్పుడు పోయిందో ఏమోనే" అంది. అది వదినను ఎన్నడూ చూడలేదు. అయినా ఆ రోజు టేబుల్ కోసం మళ్లీ వెతకలేదు.

మర్నాడే సిరిసిల్ల వెళ్లాను. తలుపు తీసి ఉంది. ఆయన షిఫ్టుకు పోకుండా ఇంట్లోనే కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్పబుద్ధి గాలే చెల్లె. నీ దుఃఖమే నీకింకా ఆరలేదు. దాని మీద నా దుఃఖం పోస్తనా?"

వదిన శ్రావణంలో పోయిందట. పుండ్లు ఏమీ లేవు, వీపు శుభ్రంగా ఉందని రెండుసార్లు చెప్పాడు. మళ్లీ స్ట్రోక్ వచ్చింది. పొద్దున తల లేపి కూర్చోబెట్టి జావ తాగిస్తుంటే చెంచా దగ్గరే ఆగిపోయింది. "నాతోని తప్పేమన్న అయ్యిందా చెల్లె? తల ఎక్కువ లేపిన్నా?" అని అడిగాడు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"లేదన్నా. నువ్వు చేసినట్టు ఎవలు చేస్తరు? ఏం తప్పు గాలే."

మా ఆయన పోయినప్పుడు ఈ ప్రశ్నే నాలోనూ ఉంది. ఎప్పుడు మూత్రం గొట్టం మార్చడం ఆలస్యం చేశానో, ఏ రోజు నీళ్లు తక్కువ తాగించానో అని రోజుల్ని తవ్వుకుంటూ ఉన్నాను. నాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు.

ఇద్దరం చాయ్ చేసుకుని తాగాం. వదిన ఫొటో చూపించాడు ఆయన. ఎవరి పెళ్లిలోనో తీసింది, పెద్ద బొట్టుతో, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆమె గొంతు మాటలాడుతుంటే ఎలా ఉండేదో నాకు తెలియదని అప్పుడు తట్టింది.

సాయంత్రం బస్టాండ్ దాకా తోడు వచ్చాడు. వేములవాడ బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కబోతుంటే ఆయన మెల్లగా అన్నాడు, "నువ్వు పో చెల్లె. నేను జర సేపు గీడనే కూసుంట. ఇంటికి పోదామంటే కాళ్లు వస్తలేవు."

నేను ఆ బస్సు ఎక్కలేదు. ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా పల్లీలు అమ్మే ఆమె దీపం వెలిగించింది. చీకటి పడేలోపు ఇంకో బస్సు వచ్చింది. ఈసారి ఆయనే లేచి, "ఇగ ఎక్కు, బిడ్డ ఎదురుసూస్తది" అన్నాడు.

మంచం దసరాకు ముందు అమ్ముడుపోయింది. ఆయనే ఫోన్ చేసి చెప్పాడు, ఎప్పటిలాగే అరుస్తూ.

"వేములవాడ దిక్కోళ్లు తీస్కపోయిన్రు చెల్లె. నేను గూడ ట్రాలీల పోయి బిగించి, అన్నీ సూపిచ్చి అచ్చిన. ముసలాయన. బండి మీది నుంచి పడి కాలిరిగింది. రాడ్ ఏసిన్రు. మూడు నెలల్ల లేసి నడుస్తడని చెప్పిన్రట డాక్టర్లు. గీసారి ఎక్కిన మనిషి దిగి నడుస్తడు చెల్లె!"

"మంచిగైంది అన్నా. ఎంత మంచి మాట చెప్పినవ్" అన్నాను. నిజంగానే సంతోషపడ్డాను. తాను భివండీ పోతున్నానని కూడా చెప్పాడు. అక్కడ సాంచెల మీద పని ఉందట, తెలిసినవాళ్లున్నారట. ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేనన్నాడు. పోయాక ఫోన్ చేస్తానన్నాడు.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి బెండకాయలు కోయడానికి కూర్చున్నాను. కోస్తూ కోస్తూ ఉండగా కోపం వచ్చింది. ముఖం కూడా తెలియని ఆ ముసలాయన మీద. ఆయన ఎందుకు లేవాలి, మావాళ్లెందుకు లేవలేదు అని. కత్తిపీట పక్కకు నెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుపు అయిపోయాక ముఖం కడుక్కుని, దేవుడి ముందు దీపం పెట్టి, ఆ ముసలాయన తొందరగా లేచి నడవాలని మొక్కుకున్నాను.